మీన సంతాన చరిత్రము

మా చింతమడక చెఱువు నిండి మత్తడి దూకినపుడు, ప్రవాహమున కెదురెక్కు చేపలను చూచుటకు ఊరి పిల్లలమందఱము పరుగిడుచుంటిమి. మా యింట చేప వండుట లేదు. చూచుటకు మాత్రము దోషము లేదని మా తాతగారు సెలవిచ్చిరి. ఆ చెఱువులోనే, తామరాకుల నడుమ, నీటిమీద కుంకుమ చల్లినట్లు ఒక యెఱ్ఱని గుంపు కదలాడుచుండెడిది. తటాలున మునిగి మఱియొకచోట తేలెడిది. అవి కొఱ్ఱమీను పిల్లలనియు, వాని క్రింద తల్లిదండ్రులు కావలి యుండుననియు ఒక వృద్ధుడు నాకు చెప్పెను. చెప్పి, కప్పపిల్లను గాలమునకు గ్రుచ్చి ఆ గుంపుమీద నాడించెను. బిడ్డలను కాచుకొను చేప కోపముతో నెగసి గాలమునకు చిక్కెను. సాయంకాలమునకు గుంపు చెదరిపోయెను. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఆ నేర్పున కాశ్చర్యపడితినో, ఆ చేపకై వగచితినో యిప్పుడు చెప్పజాలను.

ఆ సంగతి మఱల జ్ఞప్తికి వచ్చుటకు కారణము నా పూర్వశిష్యుడొకడు. అతడు సిద్దిపేటలో గాజుతొట్లలో రంగుచేపలను పెంచి అమ్ముచున్నాడు. ఒకనాడు వచ్చి, "సారూ, డిస్కసు జంట ఆరుసార్లు గ్రుడ్లు పెట్టినది. ఆరుసార్లును తామే తిన్నవి. చిన్నప్పుడు మీరు కొఱ్ఱమీను కథ చెప్పినారు గదా, దీనికేమైన ఉపాయమున్నదా?" అని యడిగెను. వ్యాకరణము చెప్పినవానికి చేపల వైద్యమేమి తెలియును? అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. గ్రంథములు వెదకితిని. వానియందు దొరకిన చరిత్రమునే నేడు మనవి చేయుచున్నాను.

డిస్కసనగా గ్రీకులు క్రీడలయందు విసరు గుండ్రని బిళ్ల. చేపయు అట్టి బిళ్లవలె చదునై గుండ్రముగా నుండును. దాని జన్మభూమి దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. 1817 మొదలు 1835 వఱకు బ్రెజిలు దేశమున సంచరించిన జోహాన్ నాటరర్ అను ఆస్ట్రియా పండితుడు వియన్నా నగరమునకు పంపిన జీవరాశిలో నిదియు నుండెను. 1840లో జోహాన్ జాకబ్ హెకెల్ దీనిని వర్ణించి శాస్త్రనామ మొసగెను. చచ్చి వచ్చిన చేపయొక్క పొలుసులను, ముండ్లను లెక్కింపవచ్చును గాని, అది బిడ్డల నెట్లు పెంచునో దానివలన తెలియదు గదా!

1930 తరువాత నీ చేప సజీవముగా ఐరోపా, అమెరికాల గాజుతొట్లకు చేరెను. అప్పటి పెంపకందార్లకు ఒక యలవాటుండెను. చేప గ్రుడ్లు పెట్టగనే, తల్లిదండ్రులు తినివేయునను భయమున, గ్రుడ్లను వేఱు పాత్రలోనికి తీసి గాలిబుడగలతో పొదిగించుచుండిరి. ఏంజెలు చేపల విషయమున ఆ యుపాయము ఫలించెను. డిస్కసునకును అదియే చేసిరి. గ్రుడ్లు చక్కగా పగిలెను. పిల్లలీదసాగెను. కొన్ని దినములకు ఆహార మెదుటనుండగనే నశించెను. లోపము నీటిలోనున్నదని కొందఱు, మేతలోనున్నదని కొందఱు తలంచిరి.

పిల్లలను తల్లిదండ్రుల యొద్దనే విడిచిన తొట్లయందు రహస్యము బయల్పడెను. ఈదనేర్చిన పిల్లలు నేరుగా పోయి పెద్దచేపల ప్రక్కలను పట్టుకొనును. ఆ కాలమున తల్లికిని తండ్రికిని మేను నల్లబడి, చర్మముపై చిక్కని జిగురు ఊరును. పిల్లలకదియే ఆహారము. ఒకరు అలసినపుడు ఒడలు విదిల్చి పిల్లలను రెండవవారి కప్పగింతురు. కాలిఫోర్నియాలోని హిల్డెమన్ అను శాస్త్రజ్ఞుడు 1959లో నీ విషయమునే ముఖ్యముగా గ్రహించి వ్యాసము ప్రకటించెను. 2010లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి, సంతానకాలమున ఆ జిగురులో మాంసకృత్తులును, రోగమును నిరోధించు ద్రవ్యములును హెచ్చుననియు, మూడు వారములు గడచిన పిమ్మట పెద్దచేపలు మెల్లగా తొలగిపోయి పిల్లలను మాన్పించుననియు తెలిపిరి. పాలు మాన్పించుట యనునది పాలిండ్లు గల జంతువులకే చెల్లునని మనము పిల్లలకు పాఠము చెప్పియుంటిమి. (తరువాతి కాలమున కోడిగ్రుడ్డు పచ్చసొనను పాత్ర యంచులకు పూసి తల్లి లేకుండ పెంచు నేర్పరులును బయలుదేరిరి. అది కడు శ్రమతో కూడినపని.)

ఇచట నొక శబ్దముగూర్చి చెప్పక పోజాలను. మెదడు క్రింద వ్రేలాడు చిన్నగ్రంథికి మన శాస్త్రగ్రంథకర్తలు పీయూష గ్రంథి యని పేరిడిరి. పీయూష శబ్దమునకు అమృతమనియే మనము సామాన్యముగ చెప్పుకొందుము. అమరకోశమున రెండవ యర్థమును గలదు: క్రొత్తగా నీనిన యావు పాలు, అనగా మనము జున్ను వండుకొను పాలు. స్త్రీలయందు స్తన్యము నూరించు ప్రొలాక్టిను అను రసము నీ గ్రంథినుండియే పుట్టును. డిస్కసు చర్మమున జిగురు నూరించునదియు ఆ ప్రొలాక్టినే యని 1960 తరువాతి పరిశోధనలు తెలిపినవి. పేరు పెట్టినవారు ఈ చేపను దలంచి పెట్టలేదు. అయినను ఎంత చక్కగా నమరినది!

ఆ గ్రంథియే మన చెఱువుల చరిత్రమును గూడ మార్చినది. ఎట్లనిన, మన దేశమున మీనములగూర్చిన విద్య ప్రాచీనమే. తెలంగాణము కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నున్న కాలమున, 12వ శతాబ్దిలో, సోమేశ్వర మహారాజు రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము గలదు. అందు చేపల జాతులు, వానికి వేయవలసిన మేత, గాలము పట్టు విధము చెప్పబడినవి. అది రాజుల వినోదము. చెఱువున చేపలు లేకున్న నెట్లనునది ఆ రాజు చింత కాదు.

చెఱువును నమ్మిన జాలరి చింత యదియే. బొచ్చె, రోహు, మ్రిగాల అను పెద్దజాతులు చెఱువున బాగుగ పెరుగును; కడుపున గ్రుడ్లును నిండును; కాని నిలిచిన నీట గ్రుడ్లు విడువవు. వానకాలమున పొంగి పాఱు నదీజలము వానికి కావలయును. కావున పూర్వము గంగాప్రాంతపు నదులలో చేపపిల్లలను వలపన్ని పట్టి, మట్టికుండలలో పోసి, కలకత్తానుండి రైలుమీద దూరదేశములకు పంపుచుండిరి. త్రోవలో కుండ వేడెక్కిన సరకంతయు పోవును. వంగదేశమున బాంకురా, మేదినీపురము ప్రాంతములవారు వాననీరు వడిగా వచ్చి చేరు కట్టలు కట్టి, చేపకు నదియను భ్రాంతి కల్పించి గ్రుడ్లు పెట్టించిరి. ఇది నాకు మిక్కిలి నచ్చిన యుపాయము. కాని యట్టి నేల అన్నిచోట్ల నుండదు.

ఇట్టి చిక్కే బ్రెజిలు ఈశాన్యభాగమునను గలదు. అదియు మన మెతుకుసీమవలె కఱవు నేల. వానలు తప్పుచున్నందున జలాశయములు కట్టుకొనిరి. నదిని ఎదురెక్కి గ్రుడ్లు పెట్టు చేపలు ఆ జలాశయములలో సంతానహీనములయ్యెను. రొడోల్ఫో ఫాన్ ఇహెరింగ్ అను శాస్త్రజ్ఞుడు 1930 తరువాతి దశకమున, చేపల తలలనుండి పీయూష గ్రంథిని తీసి, నూరి, ఆ రసమును వేఱు చేపలకు సూదితో నెక్కించి గ్రుడ్లు పెట్టించెను. మన దేశమున హీరాలాల్ చౌధురి 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ అనుచోట ఆ పద్ధతిచే మన గండుజాతులకు సంతానము కలిగించెను. ఆయనకు సహకారి కె. హెచ్. అలీకుంజి. ఆవగింజంత గ్రంథి! సాయంకాలము సూది వేసిన, తెల్లవాఱునప్పటికి గుడ్డతొట్టిలో గ్రుడ్లు లక్షలకొలది నిండును. 2001 మొదలుగా జూలై 10ని దేశమంతట మత్స్యరైతుల దినముగా జరుపుచున్నారు. కొల్లేటి ప్రాంతమున చేపలచెఱువులు విస్తరించుటకును, 2016లో తెలంగాణ ప్రభుత్వము ఊరూర చెఱువులలో ఉచితముగా పిల్లలను విడువ నారంభించుటకును ఆ రాత్రియే మూలము.

ఆ 2016లోనే కొఱ్ఱమీను తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడెను. గౌరవము కలిగినది. కాని సూది దానికి పూర్తిగా తోడుపడలేదు. గ్రుడ్లు పెట్టింపవచ్చును, పిల్లలను పెంచుటయే కష్టము. అవి యొకదాని నొకటి మ్రింగును. చెఱువునందన్ననో, తల్లిదండ్రులు తుంగను త్రొక్కి చోటు చేసి, తేలు గ్రుడ్లను, పిదప ఎఱ్ఱని పిల్లలను కాచును. బొచ్చె పిల్లలను లారీలో తెచ్చి పోయవచ్చును. ఈ కావలిని ఏ లారీ తేగలదు?

నా శిష్యుని సంగతి మఱచితిని. అతడు బోరునీరు వాడుచుండెను. మా ప్రాంతపు బోరునీరు సున్నము మిక్కుటముగా గలది. అట్టి నీట డిస్కసు గ్రుడ్లు తెల్లబాఱి చెడును, చెడిన గ్రుడ్లను పెద్దచేపలు తినును. వాననీరు పట్టి కలుపుమంటిని. గ్రుడ్లున్న కూజాచుట్టు సన్నని తీగజల్లెడ యమర్చిన, తల్లిదండ్రులు తినజాలక ఱెక్కలతో వీచుచునే యుండునని గ్రంథములలో నుండగా, ఆ మాటయు చెప్పితిని. ఏడవసారి నలువది పిల్లలు దక్కినవి. చూడ బోయితిని. రెండు నీలిబిళ్లల ప్రక్కల రేణువులవలె అంటుకొనియుండెను.

ఈ యాషాఢమున చెఱువుకట్టమీద నడచుచుండగా ఎఱ్ఱని గుంపు కనబడెను. దానియెదుట ఒక బాలుడు కప్పపిల్లతో, గాలముతో కూర్చుండియుండెను. ఒక నెల యాగుదువా యని యడిగితిని. "నెలదాంక అది యీడనే ఉంటదా సారూ?" అనెను. పిల్లల యెఱుపు పోవువఱకు కదలదంటిని. వాడు కొంతసేపు నీటివైపు చూచి, గాలపు దారమును చుట్టుకొని, రేపు మఱల వచ్చి చూచెదనని పోయెను.