కొలిచినవాడూ కొలిపించుకున్నవాడూ

వామన చరిత్ర పాఠం చెబుతూ, వామనుడు లోకాలను కొలిచాడన్నాను. వెనక బల్ల మీది కుర్రవాడు లేచి, "దేవుడు లోకాలను కొలవడమేమిటి మాస్టారూ, లోకాలు కదా దేవుణ్ణి కొలవాలి!" అన్నాడు. తరగతి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

తెలుగులో 'కొలుచు' అంటే పరిమాణం తేల్చడం. సేవించడం, పూజించడం కూడా. మొదటి అర్థం 'కొలత'లో ఉంది, రెండోది 'కొలువు'లో ఉంది. రెండింటి ధాతువూ ఒకటేనా, రూపసామ్యం మాత్రమేనా అన్నది భాషాశాస్త్రజ్ఞుల పని. రెండర్థాలూ ఒకే మనిషి బతుకులో ఎలా ముడిపడ్డాయన్నది చరిత్ర చెప్పవలసిన సంగతి.

కొలత క్రియల చరిత్ర అన్ని భాషల్లోనూ ఒక్కలా నడవలేదు. స్పానిష్, పోర్చుగీసు భాషలు రెండింటిలోనూ కొలవడమంటే 'మెదిర్'. 'కొలుస్తాను' అనడానికి స్పానిష్‌లో 'మిదో' అంటారు, పోర్చుగీసులో 'మెసు' అంటారు. రూపాలు విడిపోయినా తల్లి లాటినే. ఆ లాటిన్ క్రియకు దూరపు చుట్టం సంస్కృతంలోని 'మా' ధాతువు. మాత్ర, ప్రమాణం, పరిమాణం దాని సంతానమే. అక్కడ పండితుడూ, సంతలో వర్తకుడూ ఒకే క్రియ వాడుకున్నారు. మన దగ్గర ఛందస్సుకు మాత్రలు దక్కాయి. మానిక వంటి మాట కళ్లంలోకి దిగినా, క్రియ మాత్రం దిగలేదు. కళ్లంలో రైతు 'కొలిచాడు'.

ఏమి కొలిచాడు? నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. వరస ఇదే అయినా కుంచం పరిమాణం అన్ని ఊళ్లలోనూ ఒకటి కాదు. పైగా ధాన్యం గోపురంగా పోస్తే ఒక లెక్క, అంచుకు సమంగా కర్రతో గీస్తే ఇంకొక లెక్క. పాలు తీసుకునేటప్పుడు మొదటిదీ, కూలి ఇచ్చేటప్పుడు రెండోదీ పాటిస్తే ఒకే కుంచంలో రెండు న్యాయాలు ఇముడుతాయి. కొలిచేవాడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. ఆ లాభం ఎవరిదో అతనికి తెలుసు.

కృష్ణా జిల్లాలో నూజివీడు, చల్లపల్లి వంటి జమీందారీలు సాగిన కాలంలో, ధాన్యం కొలిచి ఇచ్చే రైతే కొలువు ముందు చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చింది. శ్రమ ఫలాన్ని కొలిచి ఇవ్వడమూ, తీసుకున్నవాణ్ణి కొలవడమూ భూస్వామ్య వ్యవస్థలో వేరు వేరు పనులు కావు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీ కొలువును తొలగించింది. 1956 నాటి తూనికలు కొలతల చట్టం మెట్రిక్ పద్ధతిని తెచ్చి కుంచాన్ని సాగనంపింది. మాటలు మాత్రం పోలేదు. ఉద్యోగాన్ని ఇవాళ్టికీ కొలువంటున్నాం, దుఃఖాన్ని పుట్టెడంటున్నాం.

మన సాహిత్య చరిత్రలు చాలావరకు కొలువుల చరిత్రలే: ఏ రాజు, ఏ కవి, ఏ అంకితం. వామన చరిత్రను తెలుగు చేసిన పోతన, కొలువును కాదని పొలం దున్నుకున్నాడని జనం చెప్పుకుంటారు. అది చరిత్ర అయినా కాకపోయినా, జనం కవిని ఏ పక్కన చూడదలిచారో చెబుతుంది. విమర్శకులు మాత్రం ఆ పక్కకు తక్కువగా చూశారు.

సాహిత్య విద్యార్థులకు ఒక మనవి. కుంచం పట్టిన చేతులు మన పల్లెల్లో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వారి దగ్గర కూర్చుని, కొలత మాటలన్నీ రాసుకోండి. ఎవరు కొలిచారో, ఎవరు కొలిపించుకున్నారో కూడా అడగండి. ఆ కుర్రవాడికి నేను చెప్పవలసిన జవాబు అక్కడ ఉంది.