కమాండ్ లైన్ – గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్: యంత్రానికి ఆజ్ఞ ఇచ్చేది ఎవరు?

మెయిన్స్‌లో "సాంకేతికత – సమాజం" మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది కంప్యూటర్ తరాల పట్టిక రాసి ముగిస్తాం. వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్లు, ఐసీలు. అది యంత్రం చరిత్ర. మనిషి ఆ యంత్రానికి పని ఎలా పురమాయించాడన్నది వేరే చరిత్ర. దాన్నుంచి పారిశ్రామిక విప్లవానికీ, భాషా సమస్యకీ, ఈ-పాలనకీ మూడింటికీ పనికొచ్చే విషయం దొరుకుతుంది.

ముందు రెండు నిర్వచనాలు. ఆజ్ఞను అక్షరాల్లో టైపు చేసి ఇచ్చే పద్ధతి కమాండ్ లైన్. తెరమీద బొమ్మలు, మెనూలు, బటన్లు చూసి ఎంచుకునే పద్ధతి గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్. "మొదట నల్ల తెర ఉండేది, తర్వాత బొమ్మలు గెలిచాయి" అని చాలా నోట్సుల్లో ఉంటుంది. అది సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే మగ్గం దగ్గరికి వెళ్లాలి.

1. మగ్గం నేర్పిన పాఠం

నేనుండే కామ్‌రేజ్ సూరత్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. సూరత్ మరమగ్గాలకు పెట్టింది పేరు. చేనేత దెబ్బతిని తెలంగాణ జిల్లాల నుంచి షోలాపూర్, భీవండి, సూరత్‌లకు వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాల కథ మీరు వలసల పాఠంలో చదివే ఉంటారు. ఆ కుటుంబాల వల్లే సూరత్ మునిసిపల్ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. కంప్యూటర్ పూర్వీకుల్లో ఒకటి ఈ నేత పనివాళ్లకు బాగా తెలిసిన జకార్డు.

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జోసెఫ్ మారీ జకార్డ్ 1804 నాటికి దీన్ని రూపొందించాడు. పని చేసే తీరు సులువు. డిజైన్‌ను ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. నిలువు గళ్లు పడుగు, అడ్డ గళ్లు పేక. ఒక్కో అడ్డ వరుసకు ఒక అట్ట తయారు చేసి, పోగు లేవాల్సిన చోట రంధ్రం కొడతారు. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. అట్టలను వరుసగా కుట్టి మగ్గంపై ఎక్కిస్తే అదే పువ్వు ఎన్ని చీరల మీదైనా పడుతుంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. గళ్ల కాగితం మనిషి చూడటానికి. అట్ట యంత్రం చదవడానికి. బొమ్మ, ఆజ్ఞ రెండూ ఒకే మగ్గం దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. బొమ్మను ఆజ్ఞగా మార్చేవాడు మధ్యలో ఉన్నాడు. ఈ వ్యాసానికి కీలకం ఆ మధ్య మనిషే.

ఇదే అట్టల ఆలోచనను చార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్ ప్రణాళికలోకి తీసుకున్నాడు. దానిపై అడా లవ్‌లేస్ రాసిన వివరణలు 1843లో అచ్చయ్యాయి. 1890 అమెరికా జనగణనలో హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులతో లెక్కలు తేల్చాడు. ఆయన కంపెనీ 1911లో మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అయింది.

2. టైపు చేసే ఆజ్ఞ

కార్డుల కాలంలో ప్రోగ్రామ్ ఇచ్చి ఫలితం కోసం గంటల తరబడి కాచుకోవాలి. 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటర్‌ను పలువురు ఒకేసారి వాడే పద్ధతిని ప్రదర్శించింది. టైపు చేయగానే జవాబు వచ్చే సంభాషణ అలా మొదలైంది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్‌ను ప్రారంభించారు. ఒక ఆజ్ఞ ఫలితాన్ని మరో ఆజ్ఞకు అందించే 'పైప్' 1973లో అందులో చేరింది. చిన్న ఆజ్ఞలను కలిపి పెద్ద పని చేయించడం దీని బలం.

ఆ పొదుపు మాటలు మనకు కొత్తేమీ కావు. విజయవాడ స్టేషన్ కోడ్ నేటికీ 'బీజెడ్ఏ', అంటే బెజవాడ. సూరత్ 'ఎస్‌టీ'. సూరత్ నుంచి వరంగల్, విజయవాడల మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసేవాళ్లు ఈ కోడ్‌లు రోజూ చూస్తారు. టెలిగ్రాఫ్ నాటి ఈ పొట్టి పేర్లు 1980ల మధ్యలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్‌లోకి నేరుగా వచ్చేశాయి. కౌంటర్‌లోని గుమాస్తాకు కోడ్‌లు కంఠతా వచ్చు, ప్రయాణికుడికి రావు. అందుకే మధ్యలో కౌంటర్ ఉంది.

3. చూపించి చెప్పడం

1963లో ఇవాన్ సదర్‌ల్యాండ్ తెరమీద వెలుగు కలంతో గీసే స్కెచ్‌ప్యాడ్‌ను చూపాడు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ను ప్రదర్శించాడు. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఆల్టో 1973లో తయారైంది. ఆపిల్ 1983లో లీసాను, 1984లో మాకింతోష్‌ను తెచ్చింది. మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటి రూపం 1985లో, విండోస్ 95 పదేళ్ల తర్వాత వచ్చాయి. ప్రిలిమ్స్‌కు ఈ క్రమం గుర్తుంచుకోండి.

దీని విజయానికి కారణం ఒక్కటే: ఆజ్ఞను గుర్తు పెట్టుకునే పని మనిషి నుంచి తెరకు మారింది. ఏమేం చేయవచ్చో మెనూయే చూపిస్తుంది. కానీ మెనూ రాసినవాడు పెట్టని పనిని మీరు అడగలేరు.

4. తెలుగు అక్షరానికి తలుపు తెరిచిందెవరు?

పాత నల్ల తెర సాధారణంగా 80 నిలువు వరుసలు, 25 అడ్డ వరుసల గళ్లు. గడికి ఒక అక్షరం. ఇంగ్లీషుకు సరిపోయింది. 'స్త్రీ' అనే ఒక్క తెలుగు మాట రాసి చూడండి. గుడి పైన, ఒత్తులు కింద. ఒకే కొలత గడిలో ఇమడదు. దీనికోసమే ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీ-డాక్ చేతికి వచ్చిన 'జిస్ట్' పరిజ్ఞానం డాస్ కంప్యూటర్లలో ప్రత్యేక కార్డుతో భారతీయ లిపులను చూపించింది. 1991లో ఇస్కీ ప్రమాణం, అదే ఏడాది యూనికోడ్‌లో తెలుగుకు చోటు వచ్చాయి. గ్రాఫికల్ తెరలో అక్షరం కూడా ఒక బొమ్మే కాబట్టి ఒత్తులకు చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంట్ వచ్చింది. లినక్స్ మెనూలను తెలుగులోకి తెచ్చే పనిని హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ భుజాన వేసుకుంది.

ఇంగ్లీషు రాని మనిషికి కమాండ్ లైన్ మూసిన తలుపు. ఆ తలుపు తీసింది గ్రాఫికల్ తెర. ఈ మేలును తక్కువ చేసి రాయకండి.

5. పాలనలో మధ్య మనిషి

రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో దస్తావేజు లేఖరుల పెత్తనం మనకు తెలిసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో 'కార్డ్' పథకంతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు కంప్యూటరీకరణ అయ్యాయి. 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చాయి. ధ్రువపత్రం కోసం తిరిగే తిరుగుడు తగ్గింది. అయినా మీసేవ కేంద్రంలో తెర ఆపరేటర్ వైపే ఉంటుంది. దరఖాస్తుదారు కౌంటర్‌కు ఇవతల నిలబడతాడు. బొమ్మల తెర వచ్చినంత మాత్రాన మధ్య మనిషి పోలేదు, మారాడు.

మరోవైపు కమాండ్ లైన్ కూడా పోలేదు, గదిలోపలికి వెళ్లింది. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో అన్నీ లినక్స్‌వే. మనం నొక్కే బటన్ వెనక ఎక్కడో ఒక సర్వర్‌ను ఎవరో టైపు చేసిన ఆజ్ఞలతోనే నడుపుతున్నారు.

6. సమాధానంలో ఏ వైఖరి తీసుకోవాలి?

ఏది మేలన్న ప్రశ్నకు పని స్వభావాన్ని బట్టి చెప్పండి. మొదటిసారి చేసే పనికి, చూసి ఎంచుకునే పనికి గ్రాఫికల్ మేలు. ఒక జిల్లాలోని ఐదువందల గ్రామాల జాబితాలకు ఒకే మార్పు చేయాలనుకోండి. మౌస్‌తో ఐదువందల సార్లు నొక్కాలి, ఆజ్ఞయితే ఒక వరుస. పైగా రాసిన ఆజ్ఞను దాచవచ్చు, ఇతరులు చదివి తప్పు పట్టవచ్చు. ఎన్నిసార్లు ఎక్కడ నొక్కామో సాధారణంగా జాడ ఉండదు. పారదర్శకతకు ఇది చిన్న విషయం కాదు. అలాగే ఒక్క తప్పు ఆజ్ఞతో ఐదువందల జాబితాలూ చెడిపోవచ్చు. రెండువైపులా రాయండి.

నేడు తెలుగు వాక్యం టైపు చేస్తే పని చేసే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. ఒక రకంగా ఇది మన భాషలో తిరిగొచ్చిన కమాండ్ లైన్. అయితే మన వాక్యాన్ని యంత్రపు ఆజ్ఞగా మారుస్తున్నది ఎవరు, ఆ మార్పును మనం సరిచూడగలమా అన్నదే అసలు ప్రశ్న. జకార్డు అట్టలో ఒక రంధ్రం తప్పుగా పడితే నేతగాడు బట్ట మీద లోపం చూసి అట్టను వెతికి పట్టుకునేవాడు. పౌరుడికి ఆ వీలు ఉండేలా చూడటం పాలన బాధ్యత. ముగింపు పేరాలో ఈ వాదన పెట్టండి.

సాధన ప్రశ్న: "సాంకేతికత సులభమైనంత మాత్రాన అధికారం ప్రజల చేతికి రాదు." చారిత్రక ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)