దానపు పాలపొడి - సొంత పాడి



విదేశీ సహాయం, అంతర్జాతీయ వాణిజ్యం అనగానే అవేవో ఢిల్లీలో మంత్రులు మాట్లాడుకునే సంగతులు, మన వంటింటికేం సంబంధం అనుకుంటాం. సంబంధం ఉందండీ. పొద్దున్నే మనం కత్తిరించే పాలపాకెట్టు వెనక యూరపు దేశాల వెన్నగుట్టల కథ ఒకటుంది. ఇవాళ అదే చెప్పుకుందాం.

ముందు గుజరాత్‌లోని ఖేడా జిల్లాకి వెళదాం. అక్కడి పల్లెల పాలు బొంబాయికి వెళ్లేవి. 1945లో బొంబాయి పాల పథకం మొదలైనప్పుడు ఆ పాలు సేకరించే హక్కు పోల్సన్ అనే ఒక్క కంపెనీకే దక్కింది. కొనేవాడు ఒక్కడే అయితే ధర ఎవరు చెబుతారు? వాడే చెబుతాడు. రైతులు సర్దార్ పటేల్ గారి దగ్గర మొరపెట్టుకున్నారు. మీరే సంఘంగా కూడి అమ్ముకోండని ఆయన సలహా ఇచ్చారు. 1946లో పదిహేను రోజులపాటు రైతులు ఒక్క చుక్క పాలు కూడా అమ్మలేదు. ఆ ఏడాది డిసెంబరులో జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం రిజిస్టరయింది. దానికి పెద్దదిక్కు త్రిభువన్‌దాస్ పటేల్ గారు. 1949లో ప్రభుత్వోద్యోగం మీద ఆనంద్ వచ్చిన వర్గీస్ కురియన్ అనే కేరళ ఇంజనీరు తర్వాత ఆ సంఘంలోనే ఉండిపోయారు. మనందరికీ తెలిసిన అమూల్ అదే.

ఇక యూరపు సంగతి. అక్కడి ప్రభుత్వాలు తమ పాడిరైతులకు ఇంత ధర ఇస్తామని హామీ ఇచ్చాయి. హామీ ఉంటే పాలు ఎక్కువ పితకరూ! 1960ల చివరికి వెన్నా, పాలపొడీ గోదాముల్లో గుట్టలుగా పేరుకుపోయాయి. అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు. ఇలాంటి సరుకు బీదదేశాలకు దానంగా బయలుదేరడం మామూలే.

దానమిచ్చిన ఆవుకి పళ్లు పట్టి చూడకూడదంటారు మన పెద్దలు. కానీ ఈ ఆవుకి పళ్లు చూడక తప్పదన్నారు కురియన్. ఎందుకంటారా? ఉచితపు పాలపొడి నగరాల్లోకి వచ్చి పడిందనుకోండి. పల్లెలో రెండు గేదెలున్న రైతు పాలు ఎవరు కొంటారు? ధర పడిపోతుంది, గేదెని సంతకి తోలేస్తాడు. దానం ఆగిపోయిన రోజున పొడీ ఉండదు, గేదే ఉండదు.

అందుకని వేరే ఏర్పాటు చేశారు. 1965లో ఏర్పడిన జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1970లో ‘ఆపరేషన్ ఫ్లడ్’ మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి వారి ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా 1,26,000 టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42,000 టన్నుల వెన్ననూనె వచ్చేట్టు ఒప్పందం కుదిరింది. దాన్ని ఉచితంగా పంచలేదు. పొడినీ వెన్ననీ కలిపి పాలు చేసి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో మామూలు ధరకే అమ్మారు. అలా వచ్చిన సొమ్ము వంద కోట్లు దాటింది. ఆ సొమ్ముతో పల్లెల్లో సంఘాలు పెట్టారు, పాలు చల్లబరిచే కేంద్రాలు కట్టారు, పశువైద్యం, దాణా ఏర్పాటు చేశారు. రైతు పూటపూటా పాలు పోస్తే వెన్న శాతం చూసి డబ్బిస్తారు. తోడు పెట్టడానికి పెరుగు అరువు తెచ్చుకుంటాం చూడండి, పరాయి పాలపొడిని సరిగ్గా అలా వాడుకున్నారన్నమాట.

ఫలితం? 1970-71లో దేశంలో పాల ఉత్పత్తి దాదాపు 2 కోట్ల 20 లక్షల టన్నులు. 2023-24లో దాదాపు 24 కోట్ల టన్నులు! ప్రపంచంలో మనదే మొదటి స్థానం. ఇదంతా ఆ ఒక్క పథకం చలవే అనడం మాత్రం సరికాదు. ఈనాటికీ సంఘాల బయట అమ్ముడుపోయే పాలే ఎక్కువ.

మెచ్చుకున్నవాళ్లున్నట్టే తప్పుబట్టినవాళ్లూ ఉన్నారు. పాలన్నీ పట్నం దారి పడితే పల్లెలో పసిబిడ్డకి ఏం మిగులుతుందని అడిగారు. యూరపు పొడి మీద ఇంకెన్నాళ్లు ఆధారపడతారని అడిగారు. 1983లో పత్రికల్లో పెద్ద దుమారమే రేగింది. 1984లో ప్రభుత్వం ఎల్.కె.ఝా గారి అధ్యక్షతన సంఘం వేసి విచారించవలసి వచ్చింది. ఆ ప్రశ్నలు కొట్టిపారేయవలసినవి కావు. ఇంకొక ప్రశ్న మనం అడగాలి. గడ్డి కోసేదీ, పేడ ఎత్తేదీ, పాలు పితికేదీ ఎవరు? ఎక్కువగా ఆడవాళ్లే. సంఘం పుస్తకంలో పేరు మాత్రం చాలాచోట్ల మగవాళ్లది.

ఆ పద్ధతి మార్చినవాళ్లు మన తెలుగునాట ఉన్నారు. ముల్కనూరులో స్త్రీలే సభ్యులుగా, స్త్రీలే పాలకవర్గంగా పాడి సహకార సంఘం పెట్టుకుని ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతున్నారు. అది నిలదొక్కుకుంటున్న రోజుల్లోనే, 2002లో, చిత్తూరు సహకార డెయిరీ మూతబడింది. యంత్రాలూ భవనాలూ ఉన్నంత మాత్రాన సంస్థ నిలవదు. సభ్యులు లెక్క అడిగినన్నాళ్లే అది సభ్యులది.

దానం సంగతి అలా ఉంచి, వ్యాపారం సంగతి చూడండి. జమైకా అనే చిన్న ద్వీపదేశం 1990లలో దిగుమతులకు తలుపులు బార్లా తెరిచింది. సబ్సిడీ ఉన్న విదేశీ పాలపొడి చవగ్గా వచ్చి పడింది. అక్కడి రైతులు కొనేవాళ్లు లేక పాలు నేలపాలు చేసుకున్నారు. 2019 నవంబరులో మన దేశం ఆసియా దేశాల పెద్ద వర్తక ఒప్పందంలో చేరకుండా వెనక్కి తగ్గింది. న్యూజిలాండ్ పాల సరుకుతో పోటీపడలేమన్న పాడిరైతుల భయం అందుకొక కారణం. మరి చవక పాలు మనకి లాభమే కదా అని మీరనవచ్చు. ఈ ఏటికి లాభమే. గేదెలు కొట్టం విడిచి వెళ్లాక ధర చెప్పేవాడు ఎక్కడో సముద్రం అవతల ఉంటాడు.

కాబట్టి, ఫలానా దేశం ఫలానావారికి ఇంత సాయం చేసిందని పేపర్లో చదివినప్పుడు టన్నుల లెక్క చూసి ఊరుకోకండి. ఆ సరుకు వల్ల అక్కడ పండించేవాళ్ల ధర పడిపోతుందా? అమ్మగా వచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతోంది? రేపు సాయం ఆగిపోతే వాళ్లకంటూ ఏం మిగులుతుంది? ఇవి అడగడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. నెల జీతంలో ఇల్లు గడుపుకొచ్చే మనకి ఈ లెక్క రోజూ తెలిసిందే.