మాస్టర్ రామ్‌చందర్ నిచ్చెన

మొన్న ఆదివారం మా ఆపా కొడుకు వచ్చాడు. సలామ్ చేసి, చాయ్ కూడా ముట్టకుండా కూర్చున్నాడు. బీఎస్సీ రెండో సంవత్సరం. "మామూ, మ్యాథ్స్ వదిలేస్తా. రియల్ అనాలిసిస్ నా బస్‌కీ బాత్ కాదు" అన్నాడు.

ఇంటర్‌లో 1బి, 2బి రెండింట్లో వాడికి మంచి మార్కులు. అందుకే అడిగాను. "ఎక్స్ స్క్వేర్ డెరివేటివ్ ఎంత బేటా?"

"టూ ఎక్స్."

"ఎందుకు?"

"పవర్ ముందుకొస్తుంది, ఒకటి తగ్గుతుంది. ఫార్ములా."

"అది తరీఖా. నేనడిగింది వజా."

జవాబ్ లేదు. గల్తీ వాడిది కాదు. గడియారం పెట్టి బిట్లు చేయించిన చోట వజా అడిగే ఫుర్సత్ ఎవరికుంది? అప్పుడు వాడికి దిల్లీ ఉస్తాద్ ఒకాయన కిస్సా చెప్పాను. మీకూ చెబుతాను.

మాస్టర్ రామ్‌చందర్ 1821లో పుట్టారు. దిల్లీ కాలేజీలో ఉర్దూలో సైన్సు, గణితం చెప్పేవారు. అక్కడి తాలిబ్ ఇల్మ్‌లకు బీజగణితం, అంటే మన అల్‌జబ్ర్, దగ్గరి చుట్టం. కాలిక్యులస్ మాత్రం పరాయిది. ఈయన ఏం చేశారంటే, గరిష్ఠ, కనిష్ఠ విలువల లెక్కలన్నీ కాలిక్యులస్ లేకుండా, ఒట్టి బీజగణితంతో చేసి చూపిస్తూ ఇంగ్లీషులో కితాబ్ రాశారు. 1850లో కలకత్తాలో సొంత ఖర్చుతో అచ్చువేశారు. అది లండన్‌లో డి మోర్గన్ అనే గణితవేత్త చేతికి చేరింది. ఆయన ముందుమాట రాసి 1859లో అక్కడ మళ్ళీ వేయించారు.

ఆయన తరీఖా ఎలాంటిదో చూడండి. రెండు సంఖ్యల మొత్తం 10. వాటి లబ్ధం ఎక్కువలో ఎక్కువ ఎంత? లబ్ధం పి అని ఫర్జ్ చేద్దాం. వర్గ సమీకరణం సాధిస్తే వర్గమూలం లోపల 25 మైనస్ పి వస్తుంది. అక్కడ రుణసంఖ్య ఉండకూడదు కాబట్టి పి 25 దాటదు. అంటే 5, 5. ఇంత సాఫ్!

కానీ సమీకరణం ఘనమైతే కొత్త ఉపాయం వెతకాలి. సైన్, లాగ్ వస్తే ఈ దారి దాదాపు బంద్. అంతదూరం బీజగణితంతో నడిచిన పిల్లవాడికి, వాలు సున్నా అయ్యే చోట వెతకమనే కాలిక్యులస్ ఎంత ఊరటో అప్పుడు తెలుస్తుంది. జరూరత్ ముందు తెలియాలి, ఔజార్ తర్వాత చేతికి రావాలి. మాస్టర్ సాహెబ్ కితాబ్‌ను నేను నిచ్చెన అంటున్నది అందుకే.

ఇక యూరప్ వైపు చూద్దాం. లైబ్నిజ్ తన కాలిక్యులస్‌ను 1684లో ప్రకటించాడు. న్యూటన్ అంతకుముందే తన పద్ధతి కనిపెట్టి ఉన్నాడు. 1734లో ఐర్లాండు బిషప్ బర్క్‌లీ ఒక సవాల్ విసిరాడు. ఎక్స్‌ను కొంచెం పెంచారు, ఆ కొంచెంతో భాగించారు, అంటే అది సున్నా కాదు. చివరికి సున్నా అని తీసేశారు. ఏది నిజం? దీనికి పక్కా జవాబు వైపు పెద్ద అడుగు కోషీ 1821లో పారిస్ పాఠాలను కితాబ్‌గా వేసినప్పుడు పడింది. మధ్యలో 137 ఏళ్లు! అన్నాళ్లూ ఉస్తాద్‌లు కాలిక్యులస్‌ను వాడుతూనే ఉన్నారు. గ్రహాల దారులు, తీగల కంపనాలు లెక్కగట్టారు.

1858లో జ్యూరిక్‌లో డెడెకిండ్ అనే యువ ఉస్తాద్ డిఫరెన్షియల్ కాలిక్యులస్ చెబుతున్నాడు. పెరుగుతూ ఉండి, ఒక హద్దు దాటని రాశి ఏదో ఒక లిమిట్‌ను చేరుతుందని చెప్పాల్సి వచ్చింది. రుజువుకు గీసిన బొమ్మ తప్ప ఏమీ లేదు. అది ఆయనకు నచ్చలేదు. వాస్తవ సంఖ్యలంటే ఏమిటో తేల్చాడు. 1872లో చిన్న పుస్తకంగా వేశాడు. మావాడు భయపడుతున్న పాఠం పునాది ఇదే.

"చూశావా? అనాలిసిస్ మొత్తం జవాబులే బేటా. సవాల్ కాలిక్యులస్‌లో ఉంది. సవాల్ తెలియనివాడికి జవాబు శిక్షలా కనిపిస్తుంది" అన్నాను.

కాలిక్యులస్ లేకుండానే నేరుగా రుజువులతో మొదలుపెట్టి నెగ్గే జహీన్ పిల్లలు ఉంటారు, కాదనను. మనలాంటి మామూలు వాళ్లకు మాత్రం చరిత్ర నడిచిన దారే నయం.

వాడికి నెల రోజుల పని ఇచ్చాను. ఫార్ములా లేకుండా ఎక్స్ స్క్వేర్ వాలు కట్టాలి. ఆ వక్రం కింది వైశాల్యాన్ని పట్టీలుగా కోసి కలపాలి. పట్టీలు పది, వంద, వెయ్యి చేసి చూడాలి. షార్ట్‌కట్ హరామ్!

నిన్న ఫోన్ చేశాడు. "మామూ, పట్టీలు ఎన్ని పెంచినా జవాబు మూడింట ఒకటికి దగ్గరవుతోంది, చేరట్లేదు. మరి సమానం అని ఎలా రాస్తాం?"

అల్‌హమ్‌దులిల్లాహ్. "ఇప్పుడు నీ అనాలిసిస్ కితాబ్ తెరువు" అన్నాను.