సీటు కింద ప్లగ్గు: అంబాసిడర్ నుంచి ఇప్పటి కారు దాకా

ఈ రోజు స్పార్క్ ప్లగ్గు గురించి మాట్లాడుకుందాం. ఇంట్లోనే మార్చుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. మార్చుకోవచ్చు. కానీ ఆ ప్లగ్గు చేతికి అందనంత లోపలికి ఎట్లా పోయిందో తెలిస్తే, పానా పట్టుకునే ముందు ఏం చూసుకోవాలో మీకే తెలిసిపోతుంది. అందుకే ముందు చరిత్ర, తర్వాత పని.

కర్నూలు, కడప అనగానే సినిమావాళ్లు సుమోలు గాల్లోకి లేపుతారు కదా. ఆ సుమోలో స్పార్క్ ప్లగ్గే ఉండదప్పా! 1994లో వచ్చిన టాటా సుమో డీజిల్ బండి. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది, నిప్పురవ్వతో పని లేదు. జీపులు, ట్రాక్టర్లు కూడా అంతే. పెట్రోల్‌కి మాత్రం రవ్వ కావాల్సిందే.

ఆ రవ్వను 1860లోనే లెన్వార్ అనే ఆయన పారిస్‌లో తన గ్యాస్ ఇంజన్‌లో వాడినాడు. 1902లో జర్మనీలో బాష్ కంపెనీ ఇంజనీరు హోనాల్డ్, ఎక్కువ వోల్టేజీ పుట్టించే మాగ్నెటోని, దానికి తగ్గ ప్లగ్గుని తయారుచేసినాడు. అసలు తలనొప్పి రవ్వ కాదు, ప్లగ్గు చుట్టూ ఉండే తెల్ల పింగాణీ. కరెంటు బయటికి పోకుండా ఆపాలి, అంత వేడికీ పగలకూడదు. అప్పటి పింగాణీ పగిలిపోయేది. అందుకని మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమాన ఇంజన్లకు అభ్రకం చుట్టిన ప్లగ్గులు కూడా వాడినారు. అభ్రకం అంటే మన కాకిబంగారమే. దాన్ని ప్రపంచానికి ఎక్కువగా పంపిన దేశం మనది, ఆ గనుల్లో పేరున్న చోటు మన కడప పక్కనే, గూడూరు. తర్వాత అల్యూమినా పింగాణీ వచ్చి అభ్రకాన్ని పక్కకు నెట్టేసింది.

1951లో బెంగళూరులో మైకో కంపెనీ పెట్టినారు. మన పెద్దోళ్లు ఇప్పటికీ 'మైకో ప్లగ్గు' అంటారు చూడండి, అదే. 2008లో దాని పేరు బాష్ అయింది.

అంబాసిడర్‌కి ప్లగ్గు మార్చడం పిల్లాట. బానెట్ ఎత్తితే నాలుగూ ఇంజన్ పక్కన వరుసగా కనపడేవి. హెడ్డు పోత ఇనుముది, కొంచెం మొరటుగా తిప్పినా ఓర్చుకునేది. 1983లో మారుతి 800, మరుసటి ఏడు మారుతి వ్యాన్ వచ్చినాయి. ఆ వ్యానే తర్వాత ఓమ్నీ. దీంట్లో ఇంజన్ ముందు సీట్ల కింద! నేను ప్లగ్గు పని నేర్చుకున్నది ఈ ఓమ్నీ మీదే. సీటు లేపాలి, మ్యాట్ తీయాలి, మూత తీయాలి, అప్పుడు వంగి చెయ్యి పెట్టాలి. మే నెలలో కర్నూల్లో 42 డిగ్రీల ఎండ, కింద ఇంజన్ సెగ. 796 సీసీ, మూడే సిలిండర్లు. ఒక్క ప్లగ్గు మిస్ కొట్టినా బండి వణికేది. పైగా హెడ్డు అల్యూమినియం. ఇంకో ఘోరం, కొందరు ఇంటి గ్యాస్ బండని బండిలో పెట్టి, అదే వ్యాన్లో స్కూలు పిల్లల్ని తోలేవాళ్లు. రవ్వ పుట్టే చోటు సీటు కిందే అని తెలిసి కూడా! ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది, మారుతి డీజిల్ కార్లు మానేసింది. డీజిల్‌కి అలవాటైన మన సీమకి పెట్రోల్, సీఎన్‌జీ కార్లు ఎక్కువైనాయి. ఇప్పటి ఇంజన్లలో సిలిండర్‌కి నాలుగు వాల్వులు, వాటి నడిమధ్యన ప్లగ్గు. అంటే లోతైన బావి లాంటి గొట్టంలో అడుగున, పైన కాయిల్ మూత. రవ్వ సరిగ్గా మధ్యలో పడితే పెట్రోల్ బాగా కాలుతుంది, అందుకే అట్లా పెట్టినారు. మన చేతికి అందాలనే ఆలోచన వాళ్లకి రెండోది!

సరే, పని. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా వదిలేస్తే మంచిది. వేడి మీద తిప్పితే అల్యూమినియం మరలు ప్లగ్గుతో పాటు ఊడొస్తాయి, అప్పుడు ఖర్చు ప్లగ్గుది కాదు, హెడ్డుది. బ్యాటరీ మైనస్ తీయండి. సీఎన్‌జీ ఉంటే సిలిండర్ వాల్వు కట్టేయండి. కాయిల్ తీసినాక, ప్లగ్గు కదిలించకముందే ఆ బావిలోకి గాలి కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకుని. మన దుమ్ము సంగతి తెలుసుగా, ఒక చిటికెడు సిలిండర్లో పడితే గోడల మీద గీతలే.

పాత బండ్లకి 21 మిల్లీమీటర్ల ప్లగ్ పానా, ఇప్పటివాటికి ఎక్కువగా 16, కొన్నింటికి 14. లోపల రబ్బరు గానీ అయస్కాంతం గానీ ఉన్న పానా, పొడవాటి రాడ్డు కావాలి. గట్టిగా ఉంటే బలం చూపించొద్దు. తుప్పు నూనె వేసి, ఆగి, కొంచెం అటూ ఇటూ ఆడించండి.

కొత్తది వేసేటప్పుడు దాని తలకి చిన్న రబ్బరు పైపు తొడిగి వేళ్లతో తిప్పండి. మర అడ్డంగా ఎక్కితే పైపు జారిపోతుంది, హెడ్డు బతుకుతుంది. వేళ్లతో పూర్తిగా బిగిసినాకే పానా. వాషరు ఉన్న కొత్త ప్లగ్గుకి ఇంకో అర చుట్టు చాలు. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి తీయండి. ప్లగ్గుల మీదికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ అడ్డం వచ్చే ఇంజనైతే మాత్రం నా మాట విని షెడ్డుకే పోండి.

తీసిన పాత ప్లగ్గులు పారేయొద్దు, వరుసగా పెట్టి చూడండి. లేత గోధుమ, బూడిద రంగుంటే బాగుంది. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, లేదా రవ్వ సరిగ్గా పడట్లేదు. ఒక్కటే ఇంజన్ ఆయిల్‌తో తడిసి ఉంటే, కొత్తది వేసినా మిస్సింగ్ మళ్లీ వస్తుంది. ఆ సిలిండర్ కంప్రెషన్ చెక్ చేయించండి.