కట్లపాము ఇంటిపేరు బంగారం

చీకటి పడ్డాక నేల మీద చాప పరుచుకుని పడుకున్న మనిషిని కాటేసి, నొప్పి కూడా తెలియనివ్వకుండా ప్రాణం తీసే పాము కట్లపాము. ప్రపంచంలోని జంతుశాస్త్రవేత్తలందరూ దానికి రాసుకున్న పేరు బంగారస్ సెరూలియస్. సెరూలియస్ అంటే లాటిన్‌లో నీలిరంగుది. బంగారస్ మాత్రం మన బంగారమే. తెలుగువాళ్ల నోటి నుంచి తీసుకున్న మాటకు లాటిన్ తోక తగిలించారంతే.

ఈ మాటను సముద్రం దాటించినవాడు పాట్రిక్ రసెల్. స్కాట్లాండ్‌కు చెందిన వైద్యుడు. సిరియాలోని అలెప్పోలో ఏళ్ల తరబడి వైద్యం చేసి, అక్కడి ప్లేగును కళ్లారా చూసి, దాని మీద గ్రంథం రాసినవాడు. తమ్ముడు క్లాడ్ విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ పెద్ద అధికారి కావడంతో, అతని వెంట 1781లో మన తీరానికి వచ్చాడు. అప్పటికి కంపెనీ తరఫున మొక్కలు, జంతువులు పరిశీలిస్తున్నది కోనిగ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త. ఆయన సాక్షాత్తూ స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కోనిగ్ కన్నుమూశాడు. ఆ ఉద్యోగం రసెల్‌కు వచ్చింది.

వైద్యుడు కాబట్టి అతనికి ముందు పట్టుకున్న ప్రశ్న ఒకటే. ఏ పాము విషప్పాము, ఏది కాదు?

దీనికి పుస్తకాల్లో జవాబు లేదు. స్వీడన్‌లో లినేయస్ 1758లో అచ్చువేసిన తన వర్గీకరణ గ్రంథం పదో కూర్పుతోనే జంతువులకు రెండు మాటల పేర్లు స్థిరపడ్డాయి. ముందు ప్రజాతి పేరు, తర్వాత జాతి పేరు. మనవాళ్లకు దీన్ని వివరించడం తేలిక. మనమూ ఇంటిపేరు ముందు రాసి, పెట్టిన పేరు తర్వాత రాస్తాం. ఆ పద్ధతి గొప్పదే, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పాముల దగ్గరకు వచ్చేసరికి మాత్రం లినేయస్ పొట్ట కింద ఎన్ని పలకలున్నాయి, తోక కింద ఎన్నున్నాయి అని లెక్కపెట్టి విడదీశాడు. ఆ లెక్కలో నాగుపాము, జెర్రిపోతు రెండూ కొలుబర్ అనే ఒకే ప్రజాతిలోకి చేరిపోయాయి. మన పల్లెల్లో పసిపిల్లాడు కూడా ఆ పొరపాటు చెయ్యడు.

రసెల్ పొలుసులు లెక్కపెట్టాడు, అక్కడితో ఆగలేదు. పాము నోరు తెరిచి కోరలు చూశాడు. కోళ్లను, కుక్కలను కరిపించి ఏమవుతుందో గడియారం దగ్గర పెట్టుకుని రాసుకున్నాడు. అంతకన్నా ముఖ్యం, పాము దొరికినప్పుడల్లా ఇక్కడివాళ్లు దాన్నేమంటారో అడిగాడు. విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. 1796లో కంపెనీ ఖర్చుతో లండన్‌లో అచ్చయిన అతని పెద్ద పుస్తకంలో రంగుల బొమ్మల పక్కన జెర్రిపోతు, పసిరిక పాము, పెద్ద పొడ, కాటుక రేకుల పొడ అని తెలుగు పేర్లే కనిపిస్తాయి.

ఈ చివరి పేరు దగ్గర కాసేపు ఆగాలి. మనం ఇప్పుడు ఎక్కువగా రక్తపింజర అంటున్న పాము అది. గోధుమరంగు ఒంటి మీద మూడు వరుసల్లో కోలగా మచ్చలు, ప్రతి మచ్చ చుట్టూ నల్లటి అంచు. కంటికి కాటుక దిద్దినట్టు, పువ్వు రేకులు పేర్చినట్టు ఉంటుంది. ఒంటిని అంత శ్రద్ధగా చూసినవాళ్లే అలాంటి పేరు పెట్టగలరు. నాగుపాము తర్వాత అంత ప్రమాదకరమైనది ఇదేనని రసెల్ హెచ్చరించాడు. 1797లో ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త జార్జ్ షా దానికి రసెల్ పేరే పెట్టాడు. ఇప్పుడది డబోయా రసెలీ. కాటుక, రేకులు రెండూ పోయాయి. నాకు ఆ పేరంటే ఉన్న ఇష్టం కొద్దీ ఇది నష్టమనే అంటాను.

బంగారం మాత్రం మిగిలింది. పసుపు, నలుపు పట్టీలు వంతులవారీగా ఉండే లావుపాటి పాము ఒకటి గంజాం తీరంలోని మన్సూర్‌కోట నుంచి రసెల్‌కు చేరింది. అక్కడివాళ్లు దాన్ని బంగారు పాము అంటారని రాసుకున్నాడు. ఆ బొమ్మను, వర్ణనను ఆధారం చేసుకుని 1801లో జర్మనీలో ష్నైడర్ అనే శాస్త్రవేత్త దానికి ఒక జాతి పేరు పెట్టాడు. 1803లో ఫ్రాన్స్‌లో దోదాన్ అనే శాస్త్రవేత్త దాని కోసం కొత్త ప్రజాతిని ఏర్పరచి బంగారస్ అన్నాడు. చిన్నప్పటి నుంచి కాళ్లు సరిగా లేని మనిషి దోదాన్. సరీసృపాల మీద ఎనిమిది సంపుటాలు రాసి, ఆ ఏడాదే ఇరవయ్యేడేళ్లకు చనిపోయాడు. కట్లపాము కూడా అదే ప్రజాతిలోకి వచ్చింది. పసుపు అన్నదే లేని పాముకు ఆ ఇంటిపేరు అలా దక్కింది.

ఆ ఇంటిపేరు ఇప్పటికీ ఎందుకు నిలిచింది? చుట్టరికం వల్ల. వర్గీకరణ అసలు కథ ఇక్కడే ఉంది. మనవాళ్లు పొడలు, అంటే మచ్చలు చూసి పెద్ద పొడ, కాటుక రేకుల పొడ, చిన్న పొడ అన్నారు. వీటిలో పెద్ద పొడ కొండచిలువ, దానికి విషమే లేదు. లినేయస్ పొలుసులు చూశాడు. రెండూ పైపై పోలికలే. డార్విన్ తర్వాత ప్రశ్న మారింది: ఎవరికెవరు పుట్టారు? 1950లో జర్మన్ శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. ఒకే పూర్వీకుడి సంతానమంతా ఒక గుంపు కావాలి. ఆ లెక్కన మొసలికి బల్లి కన్నా పిచ్చుక దగ్గరి చుట్టం. విశాఖ జాలర్ల వలలో పడే సముద్రపు పాము నాగుపాముకు, కట్లపాముకు బంధువు. మూడూ ఎలాపిడే కుటుంబం.

పైకి కనిపించే పోలిక ఎంత మోసం చేస్తుందో కట్లపామే చెబుతుంది. లైకోడాన్ అనే విషం లేని చిన్న పాముకూ ఒంటి మీద తెల్లటి అడ్డపట్టీలుంటాయి. దాని పట్టీలు మెడ దగ్గరే మొదలవుతాయి. కట్లపాము పట్టీలు జంటలుగా ఉండి, తల వైపు మాసిపోతాయి. వెన్ను మధ్య వరుసలో పొలుసులు పక్కవాటి కన్నా పెద్దవి, ఆరు భుజాలవి. దగ్గరికెళ్లి చూడమని చెప్పడం లేదు. చూడాల్సినవాళ్లు దూరం నుంచి ఫొటోలో చూస్తారు. కాటు పడిందన్న అనుమానం ఉంటే ఆసుపత్రికి పరుగెత్తడమే. మన దేశంలో పాముకాటుకు ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పొడ విషాల మీద పనిచేసేలా తయారవుతుంది.

ప్రజాతి పేరు ఒకసారి సక్రమంగా పెట్టాక, ముందు పెట్టిన పేరే నిలవాలన్నది అంతర్జాతీయ జంతు నామకరణ నియమం. కాబట్టి బంగారస్ ఉంటుంది. ఈ పేరు ఎక్కడ పుట్టిందన్న సంగతి మన జంతుశాస్త్ర పాఠాల్లోనూ ఉండాలి. ఉపాధ్యాయులు ఆ పేరు బోర్డు మీద రాసినప్పుడు, అది మన తీరం నుంచి వెళ్లిందని పిల్లలకు ఒక్కమాట చెప్పండి. మీ ఊళ్లో పెద్దవాళ్లు పాములను ఇంకా పాత పేర్లతో పిలుస్తుంటే, ఏ పామునంటున్నారో అడిగి, రసెల్ రాసుకున్నట్టే రాసిపెట్టండి.