మూత పెట్టాక చూడాలి

తుక్కుగూడ దాటి రావిర్యాల హార్డ్‌వేర్ పార్క్ వైపు తిరిగారో లేదో, నెత్తిమీద విమానం. తూర్పు నుంచి శంషాబాద్ రన్‌వే మీదికి దిగుతోంది, చక్రాలు అప్పటికే బయటపెట్టింది. దాని పొట్ట కింది చిన్న యాంటెనా 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్య తరంగాలను నేలకేసి కొట్టి, తిరిగొచ్చిన దాన్నిబట్టి తానెంత ఎత్తులో ఉందో లెక్కగట్టుకుంటోంది. రోడ్డు మీద ఎవరూ తలెత్తి చూడరు. మీరు వెళ్తున్నది ఆ జాతి సర్క్యూట్లు చేసేవాళ్ల దగ్గరికే.

చెప్పులు బయట విడిచారు. ఒంటికి నీలం కోటు, మణికట్టుకు ఎర్త్ పట్టీ, ఏసీ చలి. బల్ల మీద నెట్‌వర్క్ ఎనలైజర్. ఇక్కడ అందరికీ అది 'వీఎన్ఏ'. దాని ముందు, చేరి మూడు నెలలైన అమ్మాయి. పొద్దున్నుంచీ 10 గిగాహెర్ట్జ్ ఆంప్లిఫయర్‌ను ట్యూన్ చేస్తోంది. ఆ లెక్కన గాలిలో తరంగం పొడవు మూడు సెంటీమీటర్లే. మిల్లీమీటరు రాగి గీత కూడా ఇక్కడ ఊరికే తీగ కాదు, సర్క్యూట్‌లో భాగం. మైక్రోస్కోపు కింద పుల్ల మొనతో బంగారు రేకు ముక్కను ఇటు జరిపితే, తెర మీద గీత అటు వంగుతోంది. తరంగం ఎంత వెనక్కి తన్నుతోందో చూపే గుండ్రటి పటం, స్మిత్ చార్ట్, కాలేజీలో మార్కుల కోసం గీసింది. ఇప్పుడు దాని మీద చుక్క తన చేతి కదలికకు పాకుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"కేబుల్ కదపకమ్మా, కాలిబ్రేషన్ పోతది," వెనక నుంచి సార్. నట్టును తిప్పాలే గానీ కనెక్టర్‌ను తిప్పకూడదనీ, టార్క్ రెంచ్ టిక్కుమనగానే ఆపాలనీ నేర్పింది ఆయనే.

రిటర్న్ లాస్ 20 డీబీ. అంటే వెనక్కి వచ్చేది నూటికి ఒక వంతు. అమ్మాయి మొహం వెలిగింది. మూత పెట్టి స్క్రూలన్నీ బిగించింది.

తెర మీద గీత పిచ్చెత్తినట్టు ఎగిసింది.

"పాడైపోయింది సార్!"

"పాడు కాలేదమ్మా. పాడుతున్నది."

మూత పడగానే పెట్టె తంబుర బుర్రయింది. ఔట్‌పుట్ నుంచి కాస్త శక్తి లోలోపలే ఇన్‌పుట్ దగ్గరికి చేరి, ఆంప్లిఫయర్ ఎవరూ అడక్కుండానే రాగం అందుకుంది.

ఈ విద్య చేతుల మీదుగా నడిచేది. చాంద్రాయణగుట్టలో రక్షణ ప్రయోగశాల డీఎల్ఆర్ఎల్ 1962లో వచ్చింది, ఇమారత్ కంచలో క్షిపణుల ప్రయోగశాల ఆర్‌సీఐ 1988లో. 1991లో కొందరు శాస్త్రవేత్తలు కలిసి ఆస్ట్రా మైక్రోవేవ్ కంపెనీ పెట్టారు. హైదరాబాద్ దక్షిణపు అంచుకు ఈ పని అలా అలవాటైంది. గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రెండేళ్లకే సీనియర్ అనిపించుకోవచ్చు. ఇక్కడ రెండేళ్లకు ఒక మాడ్యూల్ ఎందుకు మొరాయించిందో సొంతంగా పసిగడితే అదే గొప్ప. అమ్మాయి బ్యాచ్‌లో చాలామంది అటే వెళ్లారు, జీతాల తేడా ఆమెకు రూపాయితో సహా తెలుసు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ పాట ఎక్కడ పుడుతోందో వినగలిగే చెవి మాత్రం బల్ల దగ్గరే వస్తుంది.

సార్ నల్లటి అబ్జార్బర్ షీటు ముందుకు తోశారు. ఎక్కడ అతికించాలో చెప్పలేదు. అమ్మాయి గోరంత ముక్క కత్తిరించి, మూత లోపలి వైపు మధ్యలో అంటించింది. పాట ఆగలేదు. ఔట్‌పుట్ వైపు జరిపింది. ఆగింది.

17 డీబీ. పొద్దుటి 20 రాలేదు, కానీ స్పెక్ 15. రేపు ఇదే పెట్టెను చాంబర్‌లో మైనస్ 40 డిగ్రీల దగ్గర మళ్లీ కొలవాలి.